అందించని మాట

తగరపువలస
జూన్ 2005

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి వెంకటరమణకు అన్నయ్య శ్రీరామ్మూర్తి దీవించి రాయునది. మీ వదిన నూకాలు మోకాళ్ల నొప్పులు తప్ప ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ, కొండలరావు బావా, మేనకోడలు మధులతా కులాసా అని తలుస్తాను.

మీ ఉక్కునగరం నాటక పరిషత్తు పోటీలకు ఈ ఏడు నా నాటికే ఆడతానని బావ మాటిచ్చాడు కదా. రాసేశాను. ఉత్తరంతోపాటు పంపిస్తున్నాను. పేరు ‘కామాగ్ని కాటు’. ఎయిడ్స్ మీద. వరకట్నం అరిగిపోయింది, సారా పాతబడింది, ఇది మాత్రం తాజాగా ఉంది. సందేశం లేకపోతే న్యాయనిర్ణేతలు ఈ రోజుల్లో కన్నెత్తి చూడటం లేదు.

కథ చిన్నది. రాఘవ అని ఒక పోర్టు గుమాస్తా. అడ్డమైన తిరుగుళ్లు తిరిగి ఆ రోగం తెచ్చుకుంటాడు. ఆఖరి రంగంలో డాక్టరు అతని మంచం పక్కన నిలబడి, జనం వైపు తిరిగి, ‘చూడండి ఈ జీవచ్ఛవాన్ని’ అని మొదలుపెట్టి రెండు పేజీలు మాట్లాడతాడు. ఆ మాటలు ముగిసేసరికి రాఘవ దగ్గి దగ్గి ప్రాణం వదులుతాడు. అక్కడ చప్పట్లు ఖాయం, మొదటి బహుమతి కప్పూ ఖాయం. రాఘవ వేషం బావకి, డాక్టరు వేషం బావ స్నేహితుడు ఉదయ్‌కుమార్‌కి అనుకున్నాను. భార్య వేషానికి ఎప్పటిలాగే శ్రీసత్యను పిలిపించండి.

నిజం చెప్పాలంటే ఇలాంటి మనుషుల మీద నాకు జాలి కూడా లేదు. చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవ. వాళ్లను చూపించి నలుగురిని భయపెట్టడమే సమాజానికి మనం చేయగల మేలు.

ఎవరి పోర్షన్ వాళ్లకి కాపీ రాసివ్వడం, తెర పక్కన కూర్చుని మరిచిపోయినవాళ్లకి మాటలందిస్తూ ప్రాంప్టింగ్ చెయ్యడం ఎలాగూ నీ పనే. ఒక్క అక్షరం కూడా మార్చకు.

ఉంటాను,
అన్నయ్య


ఉక్కునగరం
జూలై 2005

అన్నయ్యకు రమణ నమస్కారాలు.

నాటిక అందింది, చదివాను. ముందు పేరు సంగతి. అగ్ని కాటెయ్యదు అన్నయ్యా, కాలుస్తుంది. కాటేసేది పాము. నీ పదో తరగతి పిల్లలు ఇలా రాస్తే సున్నా చుడతావు. నీకు సున్నా చుట్టేవాళ్లు లేకపోయారు.

రాఘవను మొదటి రంగంలో పాపి అన్నావు. రెండో రంగంలో రోగిష్టి. మూడో రంగంలో జీవచ్ఛవం. నాటిక మొత్తంలో ఒక్కరు కూడా అతన్ని పేరు పెట్టి పిలవలేదు. కట్టుకున్న పెళ్లాం కూడా ‘ఓరి అభాగ్యుడా’ అంటుంది. ఏ ఊళ్లో ఆడది మొగుణ్ణి అలా పిలుస్తుందో చెప్పు, బస్సెక్కి వెళ్లి చూసొస్తాను.

ఇక ఆ భార్యని ‘ఏ పాపమూ ఎరుగని అమాయకురాలు’ అన్నావు. జ్వరమో దగ్గో వచ్చినప్పుడు మనిషి అమాయకుడా ముద్దాయా అని ఎవరూ విచారించరు. నువ్వు మంచం పక్కన కోర్టు పెట్టావు. పైగా నీ డాక్టరు రెండు పేజీలు మాట్లాడతాడే గాని రోగి నాడి పట్టుకోడు, ఒక్క మాత్ర రాసివ్వడు. అలాంటి డాక్టరు ఇక్కడ ప్రాక్టీసు పెడితే ఈగలు తోలుకోవాలి.

మీ బావ డ్యూటీ నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా తన పోర్షన్ చదివారు. చదివి ఒకటే మాటన్నారు. “మీ అన్నయ్య రాసింది రోగం మీదా కాదు, మనిసి మీదా కాదే. కప్పు మీద రాసినాడు.”

ఈ మాటలు మార్చు. హెచ్‌ఐవీ ఉన్న మనిషి అంటే సరిపోతుంది, అందరికీ అర్థమవుతుంది. ఆఖర్న చంపకు. ఇప్పుడు మందులున్నాయి, మనుషులు డ్యూటీలు చేసుకుంటున్నారు, పిల్లల్ని చదివించుకుంటున్నారు. నీకు తెలియకపోతే తెలియదని ఊరుకో. తెలిసినట్టు రాయకు.

రమణ


తగరపువలస
జూలై 2005

రమణకు,

నీ ఉత్తరం చదివి నవ్వాలో కోపగించుకోవాలో తెలియలేదు. ఇరవై నాటికలు రాసినవాడికి ఇంటర్ చదివిన చెల్లెలు పాఠం చెబుతోంది. కవిసమయం అని ఒకటుంది. అగ్ని కాటేస్తుంది, చంద్రుడు కాలుస్తాడు. నీకు తెలియదు గనక క్షమిస్తున్నాను.

మాటలు మెత్తబెడితే జనానికి భయం ఎక్కడుంటుంది? ‘హెచ్‌ఐవీ ఉన్న మనిషి’ అట. సర్కారు గోడల మీద రాసే మాట అది, రంగస్థలం మీద పేలే మాట కాదు. వాళ్ల మనసు నొచ్చుకుంటుందని నేను వాక్యాలు దిద్దుకుంటూ కూర్చోవాలా? అసలు వాళ్ల తరఫున నువ్వెందుకు వకాల్తా పుచ్చుకున్నావు? వాళ్లు నీకేమన్నా చుట్టాలా?

కాపీ పరిషత్తుకు పంపేశాను. ఇక మార్చడానికి లేదు.

అన్నయ్య


ఉక్కునగరం
ఆగస్టు 2005

అన్నయ్యకు,

చుట్టాలే.

నాకు హెచ్‌ఐవీ ఉంది. నిరుడు వేసవిలో తెలిసింది. ఈ ఏడాది మొదట్నుంచి రోజూ మాత్రలు వేసుకుంటున్నాను. మొదట్లో తల తిరిగేది, వాంతయ్యేది, ఇప్పుడు లేదు. మధులతకు పరీక్ష చేయించాం, దానికి లేదు. కాలేజీకి వెళ్తోంది, రోజుకో గొలుసు పోగొట్టుకొస్తోంది, గిల్టువే లే.

ఈ సంగతి ఫోన్లో చెప్పలేదు. మీ ఫోను హాల్లో ఉంటుంది, నువ్వు రిసీవరు పట్టుకుని గుటకలు మింగుతుంటే వదిన కంగారుపడుతుంది. ఎదురుగా చెప్పలేదు. నీ ముఖం చూడాల్సి వస్తుందని. నీ నాటిక రాకపోతే ఇంకో ఏడాది చెప్పేదాన్ని కాదేమో.

నీ నాటిక మూడు కాపీలు రాశాను. ‘జీవచ్ఛవం’ అని రాసి, పెన్ను పక్కన పెట్టి, లేచి వెళ్లి పప్పు తాలింపు వేశాను. జీవచ్ఛవాలు తాలింపు వెయ్యవు అన్నయ్యా. రిహార్సలు అయ్యాక ఆ పప్పే అందరూ తిన్నారు. ఉదయ్‌కుమార్‌కి నా సంగతి తెలుసు, నన్నడిగే మీ బావ చెప్పారు. అతను కంచం ముందుకు జరిపి, “వొదినా, ఇంకో గరిటె ఎయ్యి, రేసను కొట్టులాగ ఈ కొలతలేటి” అన్నాడు. అతను నాటికలు రాయడు. ఫర్నేసు దగ్గర పని చేస్తాడు.

ఇప్పుడు చెప్పు. నేను పాపినా, రోగిష్టినా, జీవచ్ఛవాన్నా? మూడింట్లో నీకు నచ్చినది ఏరుకో. లేకపోతే రమణా అని పిలువు, ఎప్పుడూ పిలిచేదే.

రమణ


తగరపువలస
సెప్టెంబరు 2005

అమ్మా రమణా,

నీ ఉత్తరం చదివి చించేశాను. ఎవరి కంటా పడకూడదని. ఇన్నాళ్లూ కలం కదల్లేదు.

ఆ విషయం నీకు ఎలా సంక్రమించిందో నువ్వు రాయలేదు. రాయనక్కరలేదు, నాకు తెలుసు. నైట్ షిఫ్టులన్నీ షిఫ్టులేనా? ఆ కొండలరావు నవ్వు నాకు మొదట్నుంచీ నచ్చలేదు. నాన్న మాట కాదనలేక నిన్నిచ్చాను. నాటకాలాడేవాడికి పిల్లనివ్వకూడదని ఆ రోజే అనవలసింది. ఆ దౌర్భాగ్యుడు నీ జీవితాన్ని బుగ్గి చేశాడు. నువ్వు ఏ పాపమూ ఎరుగని దానివి. వాణ్ణి వదిలెయ్యి.

కాకపోతే ఒక మాట. కొన్నాళ్లపాటు ఇటు రాకు. మీ వదినకు చెప్పలేదు. ఆమె అసలే భయస్తురాలు. ఇంట్లో మనవలు తిరుగుతుంటారు, గ్లాసులూ కంచాలూ అన్నీ కలిసిపోతాయి. నాకు నీ మీద ప్రేమ లేక కాదు. లోకం అలాంటిది. ఎవరికీ చెప్పకు.

నాటిక గురించి ఇక రాయకు. అది సాహిత్యం, ఇది జీవితం. రెంటినీ కలపకూడదు.

నీ దురదృష్టానికి కుమిలిపోతున్న,
అన్నయ్య


ఉక్కునగరం
సెప్టెంబరు 2005

అన్నయ్యకు,

మొగుణ్ణి వదిలెయ్యమన్నావు. మీ ఇంటికి రావద్దన్నావు. మధ్యలో ఆనందపురం జంక్షన్లో చెరుకురసం బండి పక్కన నిలబడమంటావా?

మీ బావకు హెచ్‌ఐవీ లేదు. రెండుసార్లు పరీక్ష చేశారు. ఆయన రాసిన రిపోర్టు కాదు, ఆసుపత్రివాళ్లు ఇచ్చిందే. నాకు తెలిసిన రోజు ఆయన నా పక్కన బల్ల మీద కూర్చుని, డాక్టరు చెప్పిందంతా విని, బయటికొచ్చాక, “ఇడ్లీ తింటావేటి? పొద్దున్నించి ఏటీ తిన్నేదు నువ్వు” అన్నారు. నీకు నచ్చని నవ్వు అప్పుడు లేదులే. ఇడ్లీలు రెండు ప్లేట్లు చెప్పి, తన ప్లేటు ముట్టుకోకుండా నేను తింటుంటే చూశారు. ఆయన్ని దౌర్భాగ్యుడన్నావు. ఆ మాట నీ దగ్గరే అట్టేపెట్టుకో, ఇంట్లో అద్దం ఉంది కదా.

ఇప్పుడు నీ చూపుడు వేలు మీ బావ మీంచి లేచి గాల్లో తిరుగుతోంది, ఇక్కడికి కనిపిస్తోంది. ఎక్కడ వాలాలో దానికి తెలియడం లేదు. నా మీద వాలాలని చూస్తోంది. వాలనీ. ఎలా వచ్చిందో నేను చెప్పను. వదినకి షుగరొచ్చినప్పుడు ఎవరింట్లో ఏం తింటే వచ్చిందని నువ్వు ఆరా తీశావా? మాత్రలు తెచ్చిచ్చావు. అంతే చేశావు, అదే చెయ్యాలి.

నీకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసింది గుర్తుందా? ఒళ్లంతా పొక్కులు. అమ్మ గుమ్మానికి వేపమండ కట్టి, నిన్ను ‘తల్లీ, చల్లగా ఉండు తల్లీ’ అని మొక్కేది. మీసాలు మొలుస్తున్న మగపిల్లాణ్ణి. నీ ఒంట్లో అమ్మవారుందని ఇంటి ముందు ఎవరూ గొంతు పెంచి మాట్లాడేవారు కాదు. పక్కన కూర్చుంటే అంటుకునే జబ్బుకి మనవాళ్లు అంత మర్యాద ఇచ్చారు. కలిసి తిన్నా, తాగినా, ఒకే దుప్పటి కప్పుకున్నా అంటుకోని దానికి నువ్విచ్చిన మర్యాద రెండు పేజీల డైలాగు. నన్ను అమ్మవార్ని చెయ్యమనడం లేదు. పసుపునీళ్లు వద్దు. మనిషికిచ్చే మర్యాద చాలు.

మీ ఇంటికి నేను రాను. నువ్వే మా ఇంటికి రా. ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుని, నేను వండింది తిను. నాకు పుట్టిల్లు ఉందో లేదో ఆ రోజు తేలుతుంది.

రమణ


తగరపువలస
అక్టోబరు 2005

రమణకు,

ఉత్తరం అందింది. నీ భాష చాలా కటువుగా ఉంది. బాధలో ఉన్నావని ఓర్చుకుంటున్నాను.

హెచ్‌ఐవీ సంప్రాప్తమైన మహిళలను గౌరవంగా సంబోధించాలన్న నీ అభిప్రాయంతో సూత్రప్రాయంగా ఏకీభవిస్తున్నాను. మధులత పుట్టినప్పుడు నీకు రక్తం తక్కువైందని ఎక్కించారు కదా. అప్పుడే వచ్చి ఉంటుందా? ఆ ఒక్క ముక్క అవునని రాయి. నా మనసు కుదుటపడుతుంది. నలుగురిలో చెప్పుకోవడానికి కూడా ఒక దారి ఉంటుంది.

అన్నయ్య


ఉక్కునగరం
నవంబరు 2005

అన్నయ్యకు,

‘సంప్రాప్తమైన మహిళలు’ బాగుంది. సన్మానపత్రంలో రాయించి, శాలువా కప్పు.

అవునని రాస్తే నేను నీ చెల్లెల్ని, రాయకపోతే కానా? అదేగా నువ్వడిగింది. నీ మనసు కుదుటపడటానికి నా దగ్గర మందు లేదు. నా మందులు నాకే.

ఇప్పుడు పని మాట. ఫర్నేసుకి రిపేరు వచ్చింది, అక్కడ పని చేసేవాళ్లందరి సెలవులూ రద్దు చేశారు. ఉదయ్‌కుమార్‌ని వదలరట. పోటీ వచ్చే నెల మొదటి వారంలో. డాక్టరు వేషానికి ఇంత తక్కువ రోజుల్లో ఎవరూ దొరకలేదు. బృందంలో అందరూ నీ పేరే అన్నారు. రాసినవాడివి నువ్వే కాబట్టి రిహార్సలు అక్కర్లేదట. నేను మాత్రం వద్దన్నాను. మీ బావ, “రానీయే. ఆడి మాటలు ఆడి నోట్లోంచే రానీ, ఎలాగుంటాదో సూద్దాం” అన్నారు. తను దౌర్భాగ్యుడని నువ్వు రాసిన ఉత్తరం ఆయన చదివారు. చదివాక కూడా ఇలాగే అన్నారు. నేనైతే అననని నీకు తెలుసు.

ఒక సంగతి ముందే చెబుతున్నాను, తరవాత మోసం అనకు. నేను ఎప్పటిలాగే తెర పక్కనే కూర్చుంటాను. కాని ఆ మాటలు నీకు అందించను. ‘జీవచ్ఛవం’ అని గుసగుసగా కూడా నా నోటితో అనను. మరిచిపోతే నీ ఖర్మ.

బస మా ఇంట్లోనే. భోజనం కూడా.

రమణ


తగరపువలస
నవంబరు 2005

రమణకు,

వస్తున్నాను. నా డైలాగులు నాకు ఇంకొకరు అందించాలా? చేపకు ఈత నేర్పినట్టుంది.

బస గురించి శ్రమ పడకండి. పూర్ణా మార్కెట్ దగ్గర తెలిసిన లాడ్జి ఉంది, అక్కడే దిగి, అక్కడే భోంచేసి, సరాసరి హాలుకి వస్తాను. ఈ మధ్య కడుపులో మంట. బయటి తిండి పడటం లేదు.

అన్నయ్య


తగరపువలస
డిసెంబరు 2005

రమణకు,

నువ్వు నాకు చేసిన ద్రోహం పగవాడు కూడా చెయ్యడు. కాగితం మీద పెట్టకపోతే నాకు నిద్ర పట్టదు.

తెల్లకోటు వేసుకుని ఆఖరి రంగంలోకి వచ్చాను. మంచం మీద బావ. తలాపున శ్రీసత్య. ముందు వరసలో న్యాయనిర్ణేతలు బల్ల మీద చిన్న దీపం పెట్టుకుని రాసుకుంటున్నారు. హాలు నిండిపోయింది. ‘చూడండి’ అన్నాను. అంతే. రెండో మాట లేదు. నేనే రాసిన మాట, ఎన్నిసార్లు చదువుకున్నానో. నాలుక పిడచకట్టుకుపోయింది.

నీకేసి చూశాను. పసుపుపచ్చ చీరలో స్టూలు మీద కూర్చుని, కాగితాలు మూసి ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తున్నావు. పెదవి కదపలేదు. శవంలా పడుకోవలసిన నీ మొగుడు ఒక కన్ను తెరిచి, “ఏటి బావా, నిద్దరొచ్చేత్తంది నాకు, కానీ” అని గొణిగాడు. అప్పుడు నువ్వు నోరు విప్పావు.

‘ఈయన పేరు రాఘవ’ అన్నావు. దాహంతో ఉన్నవాడు ఏ నీళ్లని అడగడు కదా. అన్నాను. ‘ఈయనకు హెచ్‌ఐవీ ఉంది.’ అన్నాను. ‘ఎలా వచ్చిందని నేను అడగలేదు, మీరూ అడక్కండి.’ అదీ అన్నాను. నా నోటితో, నా నాటికలో, అంతమంది ముందు. ‘మందులు వేసుకుంటున్నాడు, రేపు డ్యూటీకి వెళ్తాడు.’ అన్నాను. దగ్గి దగ్గి చావవలసినవాడు లేచి కూర్చుని, “ఆకలేత్తంది. అన్నం ఎట్టు. డాట్రుగారిక్కూడా ఎట్టు” అన్నాడు. శ్రీసత్య చెయ్యి తిప్పుకుంటూ వెళ్లి రెండు కంచాలు తెచ్చింది. మీరంతా ముందే రిహార్సలు చేసుకున్నారని అప్పుడు అర్థమైంది. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. ఆఖరికి ‘పెట్టమ్మా, తినే వెళ్తాను’ అన్న మాట కూడా నా చేత అనిపించావు. తెర పడింది.

రెండు పేజీల ఉపన్యాసం. ఒక్క వాక్యం మిగల్చలేదు నువ్వు. కప్పు పోయింది. పరిషత్తుకిచ్చిన కాపీకీ ఆడినదానికీ పొంతన లేదని మందలించారు కూడా. ఉత్తమ సహాయనటుడి షీల్డు మాత్రం నాకిచ్చారు. ‘మాటకూ మాటకూ మధ్య అర్థవంతమైన మౌనం పాటించారు’ అని చదివారు. ఆ మౌనాలన్నీ నువ్వు తరవాతి మాట ఎప్పుడందిస్తావా అని చూసిన చూపులు. అంతకన్నా అవమానం ఉంటుందా? అందుకే మేకప్ అయినా తుడుచుకోకుండా బస్సెక్కాను. లాడ్జికి కూడా వెళ్లలేదు.

చెల్లెలివై ఉండి నా నోరు అరువు తీసుకున్నావు.

శ్రీరామ్మూర్తి


ఉక్కునగరం
డిసెంబరు 2005

అన్నయ్యకు,

అవమానం పడ్డావు, పాపం. షీల్డు మాత్రం చంకలో పెట్టుకునే వెళ్లావట. మీ బావ చూశారు. “మనోడు మొకం మాడ్సుకున్నాడు గాని షీల్డు మట్టుకు ఒగ్గలేదు” అని రెండ్రోజులు నవ్వారు.

నీ నోరు అరువు తీసుకున్నానన్నావు. అవును. నా గురించి నువ్వు మూడు కాపీలు నా చేత రాయించావు, నేను నీ చేత నాలుగు ముక్కలు అనిపించాను. ఇంకా నువ్వే బాకీ.

నాలుగు ముక్కలే. సరిగ్గా విను. పేరు రాఘవ, హెచ్‌ఐవీ ఉంది, ఎలా వచ్చిందని అడక్కండి, రేపు డ్యూటీకి వెళ్తాడు. ఇవే నేను అందించినవి. శ్రీసత్య కంచాలు తెచ్చాక డాక్టరుకి మేం అనుకున్న మాట వేరు. ‘నాకు వేరే కేసుంది, వస్తాను’ అని డాక్టరు వెళ్లిపోవాలి. అది నేనే రాశాను. ఎందుకంటే నువ్వు స్టేజీ మీద, ఉత్తుత్తి కంచంలో, అన్నం లేని అన్నం కూడా తినవని నాకు గట్టి నమ్మకం. అంత హీనంగా చూశాను నిన్ను. ఆ మాట అందించడానికి నోరు తెరిచాను కూడా.

నువ్వు నాకేసి చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. కంచంకేసి చూశావు. ‘పెట్టమ్మా, తినే వెళ్తాను’ అన్నావు. శ్రీసత్య ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయింది. తెర లాగేవాడు తెల్లబోయి ఆలస్యంగా లాగాడు. ఆ మాట నేను అందించలేదన్నయ్యా. ఏ కాపీలోనూ లేదు. అది నీదే.

నేను స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. నాకు హెచ్‌ఐవీ ఉందని డాక్టరు చెప్పినప్పుడు ఏడవలేదు, నువ్వు ఇంటికి రావద్దని రాసినప్పుడు ఏడవలేదు. నీ మీద కోపంతోనే ఇన్నాళ్లూ నిటారుగా నిలబడ్డాను. ఆ కాస్త కోపం కూడా ఉండనివ్వకుండా చేశావు.

చేసి, బస్సెక్కి పారిపోయావు. ఆ రోజు నీ కోసం వంజరం చేపల పులుసు పెట్టాను. కడుపులో మంట అన్నావని కారం తగ్గించాను. అందరూ వచ్చి తిన్నారు. ఉదయ్‌కుమార్ డ్యూటీ దిగి నీ పాలు కూడా తినేశాడు. వందమంది ముందు తింటానన్నవాడివి, ఎవరూ చూడని చోట తినడానికి భయపడ్డావు. నాకు షీల్డులు అక్కర్లేదు. నీ మాట నాకిచ్చెయ్యి.

రమణ


తగరపువలస
డిసెంబరు 2005

రమణా,

మీ వదినకు చెప్పాను. నీ ఉత్తరం చదివి వినిపించాను. భయపడుతుందనుకున్నాను. ఆమె వింటూ వింటూ ఏరుతున్న బియ్యం చేట పక్కన పెట్టి, “ఇన్నాళ్ల నించి నాకు సెప్పకుండా ఏటి సేత్తన్నావు నువ్వు? ఆ పిల్లని రావద్దని నా పేరెట్టి రాసినావా? నీకు బడిపంతులుద్యోగం ఎవుడిచ్చినాడు” అంది. ఇంకా చాలా అంది. అవి ఏ పరిషత్తులోనూ పలకలేని మాటలు.

ఎలా వచ్చిందని ఆమె అడగలేదు. మాత్రలు టైముకి వేసుకుంటున్నావా, ఒళ్లు చేసిందా చిక్కిందా అని మాత్రం అడిగింది. నాకు తెలియలేదు. నేనెప్పుడూ అడగలేదు కదా.

ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాం, ఇద్దరం. లాడ్జి లేదు. బావని ఇంట్లోనే ఉండమను, ఆయనతో నాకు పనుంది, నీతో కాదు. షీల్డు తెస్తున్నాను, మీ ఇంట్లోనే ఉండనీ.

పులుసులో కారం తగ్గించు. కడుపులో మంట ఒక్కటి మాత్రం అబద్ధం కాదు.

అన్నయ్య